గడప బయట మా అన్న

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా అక్కమ్మ వదిన దగ్గర మాత్రం ఆ సామెత చెల్లలేదు. నా పెళ్ళయిన కొత్తలో ఒకసారి పుంగనూరులో బస్సెక్కి, నిమ్మనపల్లె దగ్గరున్న పుట్టింటికి మల్లెపూలూ మైసూరుపాకూ పట్టుకుని పోయాను. ఇంట్లో ఎవరూ లేరు. చేనులో పట్టుపురుగుల షెడ్డుంది, అక్కడుంటారని పోయి తలుపు తోశాను. లోపలి నుంచి ఒక్క కేక.

“ఎవురది? ఆడనే నిలబడు!”

“నేనే వదినా, సుశీలని.”

“సుశీలవైతే ఏమి, కలెక్టరైతే ఏమి? బయట తొట్టిలో బ్లీచింగు నీళ్ళుండాయి, కాళ్ళూ సేతులూ కడుక్కో. కడుక్కున్నా లోపలికి రావద్దు. నేనే వస్తాండా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. నా పుట్టింట్లో నన్ను గడప బయట నిలబెట్టడానికి ఈవిడెవరు? అనుకోవడమేమిటి, మొహం మీదే అనేశాను కూడా. ఆవిడ తలుపు సందులోంచి తల బయటపెట్టి, ఏమాత్రం తొణక్కుండా, “నీ పుట్టిల్లో నా మెట్టినిల్లో పురుగులకు తెల్దు సుశీలా. రోగమొస్తే అన్నీ కలిసే సస్తాయి” అంది. ఆ తర్వాత ఇంటికొచ్చి వేడి రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. అలిగి కూర్చున్న నేను సిగ్గు లేకుండా మారు అడిగి తిన్నాను.

వదినది కుప్పం దగ్గర పల్లె. కాపురానికొచ్చినప్పుడు మాటలో సగం అరవమే. ఏ పని చెప్పినా “సీక్రం, సీక్రం” అని తరిమేది. సీక్రమ్మ అని పేరు పెట్టి ఏడిపించాను. “ఔ, నేను సీక్రమ్మనే. మీ అన్న నింపాదప్ప. ఇద్దురమూ కలిస్తే సరిపోతాది” అనేది. మా సిద్దప్పన్న నిజంగానే నింపాది మనిషి. నోట్లో నాలుక లేదు. ఎవరైనా కాలు తొక్కితే, వాళ్ళ కాలికేమైనా తగిలిందా అని అడిగే రకం.

మా ఇంట్లో వేరుశెనగ, టమాటా తప్ప వేరే పంట ఎరగరు. బోరు కింద రేష్మి ఆకు, అదే మల్బరీ, నాటించి, పురుగులు మేపడం అన్నకు నేర్పించింది వదినే. పుట్టింట్లో చిన్నప్పటి నుంచీ ఆ పనే చేసింది. ఇక్కడ మొదటి పంట బాగా వచ్చింది. రెండో పంటలో పక్క ఊళ్ళో ఎవరి షెడ్డులోనో పురుగులు చచ్చిపోతున్నాయని తెలిసి, అన్న అయ్యోపాపమని చూడ్డానికి పోయాడు. తిరిగొచ్చి, ఆకు వేసే వేళైందని అదే కాళ్ళతో మన షెడ్డులోకి అడుగు పెట్టాడు. పాలరోగం. పురుగులు ఉబ్బి, పచ్చబడి, పాలు కారుస్తూ చచ్చాయి. గూడు కట్టడానికి కాస్త ముందు. మొత్తం తీసి గుంతలో పోసి సున్నం చల్లారు.

వదిన ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. గుంత పక్కన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందంతే. అది చూసినవాడు మా అన్న. ఆ పొద్దు నుంచి ఆ మనిషి షెడ్డు గడప దగ్గర మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా కడుక్కుని, వదిన లోపలి నుంచి “రా” అంటే తప్ప కాలు ఎత్తేవాడు కాదు. ఆవిడ పనిలో పడి మరచిపోతే అట్లనే నిలబడి ఉండేవాడు. “దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంట, నీ మొగుడు సూడు వదినా, కొంగ మాదిరి నిలబడుండాడు” అని నేను నవ్వితే, “అయ్యో, రాయ్యా సామీ, రా” అని ఆవిడా నవ్వేది.

ఇద్దరూ విడిగా కనిపించడం అరుదు. మొపెడ్ మీద ముందు అన్న, వెనక వదిన, మధ్యలో ఆకు మూటో గూళ్ళ సంచో. “మీ అన్నకు ఒంటిగా పోతే దావ తెల్దు” అనేది. దావ తెలియక కాదు, ఆయన లేకపోతే ఈవిడకు పొద్దుపోదు. ఆ మాట అంటే “పోమ్మే, పనీ పాటా లేక” అని కసిరేది. కొడుకు శేఖర్ బెంగుళూరులో కంపెనీ ఉద్యోగానికి పోయాక మరీ ఒకరికొకరు అంటిపెట్టుకున్నారు. ఎవరి దిష్టి తగిలిందో నాకు తెలియదు. నాదే కాకుండా ఉంటే చాలు.

పోయిన శ్రావణంలో గూళ్ళు మదనపల్లె మార్కెట్టులో వేసి తిరిగొస్తుంటే కుక్క అడ్డమొచ్చింది. తప్పించబోయి కల్వర్టు గోడకు కొట్టుకున్నారు. అన్న నెత్తి పగిలి, మొహమంతా రక్తంతో స్పృహ లేకుండా రోడ్డు మీద పడిపోయాడు. వదినకు రాయి ఎదకు తగిలి పక్కటెముకలు విరిగాయి. అయినా ఆవిడ పాక్కుంటూ అన్న దగ్గరికి పోయి, “ఏమయ్యా, లెయ్యి, సీక్రం లెయ్యి” అని కదిలించిందట. ఆయన లేవలేదు. ఎత్తుకొచ్చినవాళ్ళు చెప్పారు. ఆ తర్వాత ఆవిడకూ స్పృహ తప్పింది.

అన్నకు దారిలోనే మెలకువ వచ్చింది. తలకు కుట్లు వేసి, ఏం భయం లేదని పంపేశారు. వదినకు ఊపిరితిత్తి దెబ్బతిని, గొంతులో గొట్టం వేసి, మదనపల్లెలోనే ఒక ఆస్పత్రిలో ఐసీయూలో పెట్టారు. నేను పుంగనూరులో టిఫిన్ కొట్టు మూసేసి పరుగెత్తాను.

సాయంత్రం కాసేపు, అదీ ఒక్క మనిషినే లోపలికి వదులుతారు. మొదటి సాయంత్రం పిలుపు రాగానే అన్న లేచాడు. చొక్కా మీద ఎండిన రక్తం, లుంగీకి షెడ్డులో చల్లిన సున్నం. తలుపు దగ్గరి వార్డుమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏమప్పా, ఈ గుడ్డలతోనా? లోపలుండేదంతా సీరియస్ పేషెంట్లు. నీ నుంచి ఏదన్నా అంటుకుంటే ఎవురు జవాబు సెప్పేది? మార్చుకోని రా.”

తప్పు మాటేం కాదు. ఇంకొకడైతే చొక్కా మార్చుకుని మళ్ళీ వచ్చేవాడు. మా అన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి, “నువ్వు పో సుశీలా” అన్నాడు.

మర్నాడు శేఖర్ ఉతికిన బట్టలు తెచ్చాడు. కట్టుకున్నాడు గానీ తలుపు దాకా రాలేదు. ఆ మర్నాడూ అంతే. మెట్ల దగ్గర గోడకానుకుని కూర్చుని, నేను పోయి వచ్చేదాకా ఆ తలుపునే చూసేవాడు. నాకు తిట్టాలనిపించింది. తిట్టాను.

“పెండ్లాం ఆడ పడుండాది. ఈడ గోడకు బల్లి మాదిరి కూసుంటే ఎట్లన్నా? నీకు గుండె ల్యాదా?”

“గుండె ఉండేదానికే పోలేదమ్మా” అన్నాడు. “నేను పురుగుల్లో తిరిగిన మనిషిని. మట్టి, మందు, రోగం, ఏముండాదో ఈ ఒంటికి ఎవురికి తెల్సు? ఒగతూరి కడక్కుండా పోయి ఏం సేసినానో సూసినా గదా. ఇప్పుడు దాని మీదికి తీసకపోమంటావా? బాగై బయటికి రానీ. దండిగా సూసుకుంటా.”

అంతకాలం ఆయనతో కాళ్ళు కడిగించింది లోపలున్న మనిషే.

లోపల మా వదినను నేను మొదట గుర్తుపట్టలేదు. మొహం వాచిపోయింది. గొట్టాలు లాగేసుకుంటోందని రెండు చేతులూ మంచం కడ్డీలకు మెత్తటి గుడ్డతో కట్టేశారు. షెడ్డులో పదిమందిని ఆడించిన చేతులవి. కళ్ళద్దాలు లేవు. అవి లేకపోతే ఆవిడకు చెయ్యి చాస్తే అందే మనిషి కూడా మసకే. గొట్టం ఉంది గనక మాట లేదు. కిటికీ లేదు. పగలో రాత్రో తెలియకుండా ఒకటే తెల్లటి లైటు. యంత్రాల కూతలు, మూతులకు గుడ్డలు కట్టుకుని వచ్చిపోయే మనుషులు. పక్క మంచం మీదివాళ్ళు ఎవరో, బతికున్నారో లేదో తెలియదు. ఎప్పుడూ పిలిచేవాళ్ళూ, పిలిస్తే పలికేవాళ్ళూ ఉన్న మనిషిని అక్కడ పెట్టారు. బతికించడానికే పెట్టారు, కాదనను.

స్కానింగుకు ముందే తాళి, మెట్టెలు, ముక్కుపుడక తీసి కవర్లో వేసి నా చేతికిచ్చారు. గాజులు వాచిన చేతికి రాక కత్తిరించారు. మొహం తుడిచినప్పుడు బొట్టూ పోయింది. అవన్నీ తీయక తప్పదు. ఆ సంగతి నాకు చెప్పారు. ఆవిడకు మెలకువ వచ్చేసరికి చెప్పేవాళ్ళు లేరు.

నేను పోయినప్పుడల్లా వదిన నన్ను కాదు, నా వెనక తలుపును చూసేది. తలుపు మూసుకునేది. అప్పుడు నావైపు తిరిగేది. “అన్న బయటనే ఉండాడు వదినా. మేలుగా ఉండాడు” అనేదాన్ని. వినేది. మళ్ళీ తలుపు చూసేది. కళ్ళద్దాలు తెచ్చిస్తే లాగి పారేస్తుందని పెట్టలేదు. ఒకరోజు హరిత అనే నర్సమ్మ, చాలా మంచి పిల్ల, ఆవిడ ఒక చెయ్యి విప్పింది. వదిన వెంటనే మెడ తడుముకుంది. ఇటు తడిమింది, అటు తడిమింది. నా వైపు చూసింది.

“అన్నీ తీసి మీవోళ్ళకిచ్చేసినామమ్మా. భద్రంగా ఉండాయి. నువ్వేం దిగులు పడొద్దు” అంది హరిత.

వదిన కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నొప్పికి అనుకున్నాం.

ఇక శేఖర్. తల్లి బాగుపడితే తలనీలాలు ఇస్తానని కాదు, బాగుపడాలని ముందే ఇచ్చేస్తానని బోయకొండ గంగమ్మ దగ్గరికి పోయాడు. జుట్టూ మీసమూ రెండూ ఇచ్చేసి, నున్నటి గుండుతో వచ్చాడు. వాడి భక్తికి నాకు కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రం నన్నాపి వాడే లోపలికి పోయాడు. మంచం మీదికి వంగి, తన మొహం ఆవిడ మొహానికి బాగా దగ్గరగా పెట్టాడట, కనిపించాలని.

మొహం వెలిగిపోతూ బయటికొచ్చాడు. “అమ్మ నన్ను గుర్తుపట్టింది అత్తా! హరితమ్మ సెయ్యి విప్పితే గుండు మీద పెట్టి తడిమింది. నన్ను సూసి ఏడ్సింది నాయనా!”

అన్న చేతులు రెండూ జోడించి ఎవరికో దండం పెట్టాడు.

ఆ మర్నాటి నుంచి వదిన తలుపు చూడడం మానేసింది. గొట్టాలు లాగడం లేదు, చేతులు కొట్టుకోవడం లేదు. కట్లు పూర్తిగా విప్పేశారు. శాంతంగా ఉంది, మంచి గుర్తే అన్నారు. ఊపిరి మెరుగైందని గొట్టం కూడా తీసేసి, ముక్కు మీద మాస్కు పెట్టారు. ఆ సాయంత్రం నేను కాళ్ళు నేల మీద ఆనకుండా లోపలికి పోయాను. వదిన గొంతు వింటానని.

విన్నాను. గొంతు బొంగురుగా, ఎక్కడో గుంతలోంచి వచ్చినట్టుంది.

“సుశీలా. మీ అన్నను యాడ మట్టి సేస్తిరి?”

నాకు అర్థం కాలేదు. “ఎవుర్ని వదినా?”

“సేనులోనేనా? బోరు పక్కనా?”

“అయ్యో వదినా! అన్నకేమయింది? బయట మెట్ల కాడ కూసోనుండాడు!”

ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు. “రోజూ అదే మాట సెప్తాండావు. మా అమ్మ ఆస్పత్రిలో ఉండంగా మా నాయన పోతే, నేనూ అట్లనే సెప్పినా. బయటుండాడమ్మా, బీడీకి పోయినాడమ్మా అని. జబ్బుమనిసికి సావుకబురు సెప్పకూడదని. నాకు తెల్దా?”

“అది కాదు వదినా, నామీద ఒట్టు...”

“మెడలో తాళి ల్యా. గాజులు పగలగొడితిరి. బొట్టు తుడిసేస్తిరి. నా కొడుకు గుండు గీయించుకోని, మీసం తీసేసి వచ్చి ఎదురుగా నిలబడె. ఇంగేం సెప్పల్ల సుశీలా? దావలోనే తెల్సు నాకు. పిలిస్తే పలకలా.” ఊపిరి అందక ఆగింది. “బతికుంటే ఒగతూరన్నా రాకుండా ఉంటాడా ఆ మనిసి?”

ఒక్కొక్కటిగా ఆవిడ ముందు మేమే పెట్టుకుంటూ పోయామని అప్పుడు తెలిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆ క్షణం దాకా నాకు తెలియదు.

హరిత పరుగున పోయి డాక్టర్ జయచంద్ర గారిని తీసుకొచ్చింది. ఆయన విని, తల పట్టుకున్నాడు. “ఐసీయూలో ఒంటరిగా పడుండేవాళ్ళకు మనసు ఇట్లా కలత పడుతుందమ్మా. పొద్దు తెలీదు, మొహాలు తెలీవు. ఉన్న గుర్తులతో ఏదో ఒక కథ అల్లుకుంటారు. ఈవిడ దగ్గేసి కఫం తీయాలి, గట్టిగా ఊపిరి పీల్చాలి. ఏదీ చేయడం లేదు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఆయన్ని లోపలికి పంపించండి. ఎంతసేపైనా ఉండనీ. టైముతో పని లేదు.”

హరిత అంతలోనే శేఖర్ ఫోనుకు వీడియో కలిపింది. అటువైపు అన్న. తలకు కట్టు. “అక్కమ్మా” అన్నాడు. ఇంకో మాట రాలేదు, ఏడుపు తన్నుకొచ్చింది. కళ్ళద్దాలు లేని వదిన ఆ చిన్న వెలుగును కాసేపు చూసి మొహం తిప్పేసుకుంది. “ఎవురో ఏడుస్తాండారు. అదేదో పాడె కాడిది. నాకు సూపియ్యొద్దండి.”

నేను తలుపు తోసుకుని బయటికి పరుగెత్తాను. ఆస్పత్రి అనీ చూడలేదు, ఎవరు వింటున్నారనీ చూడలేదు.

“అన్నా, లెయ్! నువ్వు సచ్చిపోయినావనుకుంటాండాది! నిన్ను మట్టి కూడా సేసేసినామంట! పద లోపలికి!”

ఆయన వెర్రివాడిలా చూశాడు. “నేనా?”

“నువ్వే! కాటికి పోయిన మొగుడివి నువ్వే! పద!”

లేచాడు. నా ముందే తలుపు దాకా పోయాడు. గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ఆ పొద్దంతా మెట్ల దగ్గర దుమ్ములో కూర్చున్న లుంగీ చూసుకున్నాడు. చేతులు చూసుకున్నాడు.

“ఇట్ల వద్దు సుశీలా. తలకు పోసుకోని, కొత్తగుడ్డలు కట్టుకోని వచ్చేస్తా. ఇప్పుడే గొట్టం తీసినారంటాండావు గదా, పచ్చిపుండు. నా వల్ల ఏమన్నా అయితే? సిటికెలో వస్తా.”

“నీ గుడ్డలు తగలబడ! పద!”

వార్డుమనిషి కూడా, “పోప్పా, ఏం కాదు, పైన గౌను కట్టిస్తా పో” అన్నాడు. మా అన్న వినలేదు. జీవితంలో మొదటిసారి ఆ నింపాది మనిషి పరుగెత్తడం చూశాను. మెట్లు దిగి, శేఖర్‌ను పట్టుకుని రోడ్డెక్కి పోయాడు, స్నానానికి. తప్పంటే ఆయనదే. కోపం తెచ్చుకుందామని ఎన్నిసార్లో చూశాను. రాలేదు. తన కాళ్ళతో పురుగులకు చావు తెచ్చిన మనిషి ఆ చావును ఆవిడ దగ్గరికి మోసుకుపోకూడదని పరుగెత్తాడు. ఎవరిని తిట్టను?

నేను లోపలికి పోయి వదిన చెయ్యి పట్టుకున్నాను. “వస్తాండాడు వదినా. అన్న వస్తాండాడు. స్నానానికి పోయినాడు, అయినంక వచ్చేస్తాడు.”

ఆవిడ కళ్ళు తెరిచింది. “ఇంగా మట్టి సెయ్యలా? స్నానం సేపిస్తాండారా?” అంది. “నన్ను సూడనీకుండానే?”

అంతకంటే అడ్డం తిరిగే మాట లోకంలో ఉంటుందా! కాదు వదినా, కాదు వదినా అని ఏడ్చాను. ఆవిడ నాకు ఓదార్పుగా వేలు నొక్కింది. ఎవరు ఎవరిని ఓదార్చాలి? తర్వాత మాస్కు లాగేసి పక్కకు పడేసింది. హరిత పెడితే మళ్ళీ తీసేసింది. “ఇంగ నాకెందుకమ్మా. ఇడిసిపెట్టండి” అంది. మొహం నల్లబడింది. యంత్రం గోలపెట్టింది. అందరూ పరుగెత్తుకొచ్చారు, నన్ను బయటికి పంపేసి తెర లాగారు.

అన్న వచ్చాడు. కొత్త పంచె, మడతల గీతలు పోని తెల్లచొక్కా. కట్టు తడిసి కుట్ల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతులు మోచేతుల దాకా రుద్దిరుద్ది ఎర్రబడ్డాయి. గడప ముందు నిలబడి, ఆయాసపడుతూ, “రమ్మంటాండారా?” అని అడిగాడు.

లోపల మళ్ళీ గొట్టం వేస్తున్నారు.

మర్నాడు డాక్టరే వచ్చి అన్న భుజం పట్టుకుని లోపలికి నడిపించాడు. నన్నూ వెంట రానిచ్చాడు. మందుల మత్తులో వదిన కళ్ళు మూసుకుని ఉంది. అన్న మంచం పక్కన నిలబడి, ముట్టుకోవచ్చా అని హరిత వైపు చూశాడు. హరిత ఆయన చెయ్యి తీసుకుని వదిన చేతిలో పెట్టింది. ఆ పిల్ల కళ్ళు కూడా తడిగా ఉన్నాయి.

“అక్కమ్మా. నేను. నేనే వచ్చినా. ఉండాను. కడుక్కోనే వచ్చినాలే.”

నోట్లో నాలుక లేని మా అన్న ఆ రోజంతా మాట్లాడాడు. బోరు కింద ఆకు ఎంత ఎదిగిందో, షెడ్డుకు సున్నం కొట్టించింది ఎండిందో లేదో, శేఖర్ గుండు ఎందుకు చేయించుకున్నాడో. తాళి నా దగ్గర తీసుకుని ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్ళు తానే మూసి పట్టుకున్నాడు. కాపురం చేసినన్నాళ్ళూ ఆడని మాటలన్నీ ఆడాడు. వినపడుతుందా డాక్టరుగారూ అని నేను అడిగితే, వినపడవచ్చు, చెప్పలేం అన్నాడు. ఆవిడ కన్ను తెరవలేదు. మరుసటి పొద్దున్నే పోయింది.

ఊరికి తీసుకుపోయాం. తలంటు పోసి, పసుపు రాసి, నుదుట రూపాయంత బొట్టు పెట్టి, రెండు చేతులకూ నిండా గాజులు తొడిగి, పెళ్ళినాటి చీర కట్టారు. తాళి మా అన్నతోనే కట్టించారు. నిమ్మనపల్లె నుంచీ, కుప్పం నుంచీ వచ్చిన ముత్తైదువులు వరసగా వచ్చి, ఆవిడ నుదుటి కుంకుమ తీసుకుని తమ తాళిబొట్లకు అద్దుకున్నారు. మొగుడు బతికుండగా పోయిన ఆడదాని కుంకుమ మంచిదని. నన్నూ తీసుకోమన్నారు. నా చెయ్యి లేవలేదు. గుమ్మం పక్కకు పోయి గోడకు తల కొట్టుకుని ఏడ్చాను.

కుప్పం నుంచి వచ్చిన వదిన మేనత్త, పండుముసలి, అన్న ముందు కూలబడి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

“ఏడవద్దు నాయనా. పున్నెం సేసుకున్న బిడ్డ. నువ్వుండంగా, పసుపుకుంకాలతో పాయె. ఏ ఆడదానికి దొరుకుతాదప్పా ఆ సావు?”

అన్న ఆమె పట్టులోంచి తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

“ఆ సంగతి దానికి తెల్దు గదమ్మా” అన్నాడు.